కావాల్సిన అతుకు, వద్దనుకునే అతుకు: ఒక ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున్న ఆరింటికే వైజాగ్ పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. శ్రావణమాసం కాబట్టి మాంసం కొట్ల దగ్గర జనం పలచగా ఉన్నారు. మేక పేగులు కావాలంటే కొట్టాయన "ఏటండీ డాక్టరు గారూ, కూరకేనా?" అన్నాడు. కుట్లు వేసి పరీక్షించడానికని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే వేడినీళ్లు తగలనివ్వనులెండి, తగిల్తే ముడుచుకుపోతాయి" అన్నాడు. ఈ ప్రాజెక్టుకి నాకు దొరికిన మొదటి సలహా అదే. చన్నీళ్లతో కడిగించి, సెలైన్ పోసిన డబ్బాలో వేసుకుని, ఐస్ పెట్టుకుని తెచ్చాను.

ఇది ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసుకోవాలి. నేను సర్జరీ పీజీ రెండో ఏడాదిలో ఉన్నాను. జూన్‌లో ఒక రాత్రి పేగు బ్లాక్ అయిన పెద్దాయన ఒకరు వచ్చారు. ఇదివరకే పొట్టకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. తెరిచి చూస్తే పేగులు ఒకదానికొకటి, అన్నీ కలిసి పాత గాటు లోపలి వైపుకి అతుక్కుపోయి ఉన్నాయి. విడదీయడానికే మూడు గంటలు పట్టింది. ఒకచోట పేగు పాడైపోతే ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాం. తెల్లారి ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "మళ్లీ అతుక్కోకుండా లోపల ఏదైనా పెట్టలేరా అమ్మా?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. సార్‌ని అడిగి చెప్తానన్నాను.

ఆవిడ మాటే బుర్రలో తిరుగుతూ ఉంది. మనం కుట్టిన జాయింటునీ అతుకే అంటాం, పేగులు వాటంతటవి అంటుకుపోవడాన్నీ అతుక్కోవడమే అంటాం. మొదటిది జరగాలి, రెండోది జరగకూడదు. రెండూ ఒకే పొట్టలో, ఒకే వారంలో, ఒకే రకం జిగురుతో జరుగుతాయి. ఒకదాన్ని ఆపబోతే రెండోదానికి ఏమవుతుంది? నా ప్రాజెక్టు ఇంతే.

అతుకుల సమస్య చిన్నదేం కాదు. స్కాట్లండ్‌లో పొట్ట, కటి భాగాల్లో ఆపరేషన్ అయినవాళ్లని పదేళ్ల పాటు గమనించి 1999లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. అతుకుల వల్ల కావచ్చు అనిపించే ఇబ్బందులతోనో, అతుకుల వల్ల కష్టమయ్యే మరో ఆపరేషన్ కోసమో, మూడో వంతు మంది సగటున రెండేసి సార్లు మళ్లీ ఆస్పత్రిలో చేరారు.

ఆగస్టు 10, ఆదివారం

ఇవాళ అసలు పని మొదలుపెట్టే ముందు పేగు గోడని నా చేత్తో విప్పి చూడాలనిపించింది. ఒక జానెడు ముక్క కోసి, నిలువునా చీల్చి, చెక్కపలక మీద పరిచాను. కత్తి వెనక వైపుతో లోపలి పొరని గీకితే జావలాగా వచ్చేసింది. తిప్పి బయటి కండ పొరని గోటితో పట్టి లాగితే పీచులు పీచులుగా ఊడింది. చివరికి మిగిలింది ఉల్లిపొర లాంటి పల్చటి తెల్లటి పొర. కింద పెన్నుతో గీత గీస్తే పైనుంచి కనిపిస్తోంది. రెండు చేతులా పట్టి గుంజాను, తెగలేదు. సూది గుచ్చి దారం లాగితే దారం తెగేలా ఉంది గానీ పొర చిరగలేదు.

ఇదే సబ్‌మ్యూకోసా. కుట్టు నిలబడాలంటే సూది ఈ పొరని పట్టుకుని తీరాలని అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1887లోనే కుక్కల మీద పరీక్షలు చేసి చెప్పాడు. పాతకాలం క్యాట్‌గట్ దారం తయారైంది కూడా గొర్రెలు, పశువుల పేగుల్లోని ఇలాంటి పొరల నుంచే. ఎమ్మెస్‌లో చేరిన మొదటి నెలలోనే ఇది చదివాను. వేలికి తగిలింది మాత్రం ఇవాళ. కొత్తగా చేరే పీజీలందరి చేతా ఒక్కసారి ఈ గీకుడు చేయిస్తే, కుట్టు ఎంత లోతుకి వెయ్యాలో మళ్లీ చెప్పే పనుండదు.

పరీక్ష సెటప్ సింపుల్‌గా పెట్టుకున్నాను. సెలైన్ సీసాలో నీలం రంగు మందు కలిపి ఐవీ స్టాండుకి వేలాడదీశాను. స్టాండు పొడుగునా టైలర్ టేపు అంటించాను. పేగు ముక్కకి ఒక కొస గట్టిగా కట్టేసి, రెండో కొసలో ఐవీ ట్యూబు పెట్టి దారంతో బిగించాను. సీసాలో నీటి మట్టం పేగు కన్నా ఎన్ని సెంటీమీటర్లు పైనుంటే లోపల అంత నీటి ఒత్తిడి. సీసాని మెల్లగా పైకి జరుపుతూ, కుట్టు దగ్గర నీలం చుక్క ఎప్పుడు కనిపిస్తుందో చూసి ఎత్తు రాసుకోవడమే. ఖర్చు దాదాపు లేనట్టే.

ఆగస్టు 24

ఫిల్మ్ తయారీ. రెండు వారాలు దీనికే పోయాయి.

అతుకులు పడకుండా లోపల పరిచే అడ్డుపొరలు కొత్తవేం కాదు. ఎక్కువ మంది పరీక్షించింది సెప్రాఫిల్మ్‌ని. హైయలురోనిక్ ఆమ్లం, కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ కలిపి చేసిన పల్చటి రేకు అది. అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. తడి కణజాలం మీద వేస్తే ఒకటి రెండు రోజుల్లో జెల్ అయిపోయి, వారం దాకా అక్కడే ఉండి, నెలలోపు ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఇంటర్‌సీడ్ ఇంకోటి, సెల్యులోజ్‌తో చేసిన బట్ట లాంటిది. రక్తం తగిలితే అది పనిచెయ్యదు. అడెప్ట్ అయితే పొట్టలో పోసే ద్రవం, 4 శాతం ఐకోడెక్స్‌ట్రిన్.

అంత ఖరీదైన సరుకు మేక పేగు మీద వాడలేను. అందుకని కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ ఒక్కదానితోనే నమూనా రేకు చేద్దామనుకున్నాను. ఆ పొడి ఎక్కడ దొరికిందంటే మా వదిన దగ్గర! ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. చక్కెర పువ్వులు గట్టిగా నిలబడటానికి కలిపే సీఎంసీ పౌడర్ ఇదే.

మొదటిసారి పొడిని ఒకేసారి నీళ్లలో వేసేశాను, ఉండలు కట్టేసింది. వదిన చూసి, "చోడి పిండి ఎలా కలుపుతాం? చన్నీళ్లలో కొంచెం కొంచెం చల్లుతూ తిప్పాలి గదా" అంది. అలాగే చేస్తే నున్నగా వచ్చింది. కాస్త గ్లిజరిన్ కలిపి, రాత్రంతా వదిలేస్తే నురగ పోయింది. గాజు పళ్లెంలో పల్చగా పోసి ఆరబెట్టాను.

ఆరితే కదా! ఆగస్టులో వైజాగ్ గాలి సంగతి తెలిసిందే. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న నా గదిలో అప్పడం కూడా పొడిగా ఉండదు. మూడు రోజులైనా రేకు జిగురు జిగురుగానే ఉంది, వేలు పెడితే వేలితో పాటే లేచి వచ్చేసింది. చివరికి పళ్లాలన్నీ మోసుకెళ్లి వదిన వాళ్ల ఏసీ గదిలో రాత్రంతా పెడితే తెల్లారేసరికి గాజు మీంచి గలగలమంటూ ఊడి వచ్చింది. ఎండితే పెళుసు, తడిస్తే బంక. అసలు సెప్రాఫిల్మ్‌తో ఆపరేషన్ గదిలోనూ ఇదే తంటా. గ్లవ్స్ తడిగా ఉంటే పేగుకి చేరకముందే చేతికి అంటుకుంటుంది.

ఆగస్టు 31, ఆదివారం

ఆరు జాయింట్లు మామూలుగా, ఆరు జాయింట్లు రేకు చుట్టి. అన్నీ 3-0 విక్రిల్‌తో (ఒంట్లో కరిగిపోయే కుట్టు దారం) ఒకే వరస కుట్లు. లోపలి పొరని వదిలి, సబ్‌మ్యూకోసాని పట్టుకుంటూ, కుట్టుకీ కుట్టుకీ మధ్య సుమారు 5 మిల్లీమీటర్లు.

రేకు చుట్టినవన్నీ ఎక్కువ ఎత్తు దాకా నిలబడ్డాయి! సూది రంధ్రాల్లోంచి వచ్చే నీలం చుక్కల్ని ఆ జెల్ అడ్డుకుంది. ఎగిరి గంతేసినంత పనైంది. అంటే రేకు చుడితే అతుకులూ ఉండవు, జాయింటూ గట్టిపడుతుంది. రాత్రి పదకొండింటికి సార్‌కి ఫోటోలు పంపించాను.

సెప్టెంబర్ 3

సార్ ఫోటోలన్నీ శ్రద్ధగా చూశారు. "కుట్లు బాగున్నాయమ్మా" అన్నారు. తర్వాత ఒకటే ప్రశ్న అడిగారు: "ఈ పేగు నాలుగో రోజున ఎలా ఉంటుంది?"

చచ్చిన పేగుకి నాలుగో రోజు ఉండదు.

ఆ తర్వాత అరగంట సేపు ఆయన చెప్పింది ఇక్కడ నా మాటల్లో రాసుకుంటున్నాను. మొత్తం ప్రాజెక్టు దారి మళ్లింది ఇక్కడే.

బతికున్న మనిషిలో పేగు కుట్టిన రోజు దాన్ని పట్టి ఉంచేది దారం, అంచుల్లోని పాత కొలాజెన్ అనే గట్టి పీచు. మొదటి మూడు నాలుగు రోజులు వాపు వల్ల వచ్చిన ఎంజైములు ఆ అంచుల్లోని పాత కొలాజెన్‌ని కరిగించేస్తూ ఉంటాయి. కొత్తది ఇంకా పేరుకోదు. కుట్టిన రోజు కన్నా మూడో రోజు జాయింటు బలహీనంగా ఉంటుంది. ఆ తర్వాతే కొత్త కొలాజెన్ పడుతూ వారం దాటేసరికి బలం పుంజుకుంటుంది. ఈ గడ్డు రోజుల్లో జాయింటుని ఆదుకునేది పైన పేరుకునే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే జిగురు పీచు) పూత, దాని మీదకి వచ్చి వాలే ఓమెంటమ్ (పేగుల మీద కప్పి ఉండే కొవ్వు వల), పక్కనున్న పేగులు. సూది మొన అంత సందు ఉన్నా ఇవి వచ్చి మూసేస్తాయి. ఓమెంటమ్‌ని పొట్టలోని పోలీసు అన్నాడు బ్రిటిష్ సర్జన్ రూథర్‌ఫోర్డ్ మారిసన్. రక్తం సరిగా అందని చోటికి అతుకులు కొత్త రక్తనాళాల్ని మోసుకొస్తాయని మరో బ్రిటిష్ సర్జన్ హెరాల్డ్ ఎల్లిస్ 1960ల్లోనే చూపించాడు.

అంటే మనం పీడ అనుకునే అతుకు, కుట్టిన చోట మాత్రం సాయానికొచ్చిన ఇరుగుపొరుగు.

ఇక రేకు సంగతి. పొట్ట లోపలి పొర దెబ్బతిన్నాక కొత్త కణాలు కప్పుకోవడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే రేకుని వారం నిలబడేలా తయారుచేశారు. జాయింటుకి ఇరుగుపొరుగు సాయం కావాల్సిందీ సరిగ్గా ఆ వారమే. రేకు కాపలా కాసే రోజులూ, కుట్టు బలహీనంగా ఉండే రోజులూ ఒకటే. చుట్టూ రేకు చుట్టేస్తే పోలీసుని గుమ్మం బయటే ఆపేసినట్టు.

ఇది ఊహ కాదు. సెప్రాఫిల్మ్ మీద 1791 మంది రోగులతో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2003లో వచ్చాయి. మొత్తం మీద చూస్తే చీము గడ్డల్లాంటి సమస్యలు రేకు వేసినవాళ్లలో, వెయ్యనివాళ్లలో పెద్ద తేడా లేకుండానే ఉన్నాయి. కానీ కొత్త జాయింటు చుట్టూ రేకు చుట్టినవాళ్లలో మాత్రం లీకులు, లీకు వల్ల వచ్చే సమస్యలు ఎక్కువయ్యాయి. అందుకే కొత్త కుట్టు చుట్టూ గానీ స్టేపుల్ వరస (దారం బదులు పిన్నులతో కలిపిన చోటు) చుట్టూ గానీ దీన్ని చుట్టొద్దని దాని సూచనల్లోనే రాసి ఉంది. జంతువుల మీద చేసిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. మనుషుల్లో వచ్చిన ఫలితం చూశాక మాత్రం ఆ హెచ్చరికని దాటే పని ఎవరూ చెయ్యకూడదని నా నమ్మకం.

నా ఆదివారం సంబరం ఎంత ప్రమాదకరమో ఆ సాయంత్రం బాగా అర్థమైంది. బెంచి మీద అబద్ధం ఏమీ రాలేదు. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

ప్రశ్న మార్చాను. "రేకు చుడితే జాయింటు ఎంత ఒత్తిడికి ఆగుతుంది?" అన్నది పక్కన పెట్టి, "ఫైబ్రిన్, ఓమెంటమ్ కలిసి ఒక చిన్న సందుని మూయగలవా, మధ్యలో రేకు ఉంటే ఏమవుతుంది?" అన్నది తీసుకున్నాను. మానడం చచ్చిన పేగులో చూడలేం. మానడానికి మొదటి మెట్టైన ఆ జిగురు పూతని మాత్రం చూడొచ్చు.

దానికి ప్లాస్మా కావాలి. కొట్టాయన్ని అడిగి, తొమ్మిది పాళ్ల మేక రక్తానికి ఒక పాలు సోడియం సిట్రేట్ ద్రావణం చొప్పున కలిపి సీసాలో పట్టించాను. సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని బంధిస్తుంది కాబట్టి గడ్డకట్టదు. మనిషి రక్తం అయితే సీసాని కదపకుండా ఉంచితే కణాలు కిందకి దిగి పైన పసుపు రంగు ప్లాస్మా తేరుతుంది. అదే నమ్మకంతో ఫ్రిజ్‌లో పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున్న చూస్తే అడుగు నుంచి మూతి దాకా ఒకటే ఎరుపు. వెంట్రుక మందం కూడా తేరలేదు.

కలపడంలో పొరపాటు చేశానేమోనని టెన్షన్ పడ్డాను. పాథాలజీ పీజీ తమ్ముడు చెప్పాక గానీ తెలియలేదు: మేక ఎర్రకణాలు చాలా చిన్నవి, మనిషి కణాల్లో సగం కూడా ఉండవు. నాణేల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేరుకోవు, అందుకే కిందకి దిగవు. "అక్కా, దీన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాల్సిందే" అన్నాడు. వాళ్ల ప్రొఫెసర్ గారి అనుమతి తీసుకుని తిప్పితే చక్కటి లేత పసుపు ప్లాస్మా వచ్చింది. కాల్షియం క్లోరైడ్ కలిపితే కొన్ని నిమిషాల్లోనే గిన్నెలో ముర్రుపాల జున్నులా గట్టిపడింది. స్పూనుతో కదిపితే వణికింది. ఫైబ్రిన్ అంటే ఇన్నాళ్లూ పుస్తకంలో గీతల వల. ఇప్పుడు గిన్నెలో వణుకుతోంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

ముందుగా వద్దనుకునే అతుకు. రెండు పేగు పట్టీల బయటి పొరని గరుకు గుడ్డతో కాస్త రుద్ది, మధ్యలో కాల్షియం కలిపిన ప్లాస్మా పోసి, పైన చిన్న బరువు పెట్టి, గోరువెచ్చని నీళ్ల మీద గంట ఉంచాను. విడదీస్తుంటే అంటుకున్న కాగితాల్లా చిరచిరమంటూ ఊడాయి, మధ్యలో సన్నటి తెల్లటి తీగలు సాగాయి. జూన్ రాత్రి ఆ పెద్దాయన పొట్టలో విడదీసిన వాటికి ఇవే మొలకలు. ఒంట్లో అయితే ఆ తీగల్ని కరిగించే ఏర్పాటు పొట్ట లోపలి పొరకే ఉంటుంది. ఆ పొర దెబ్బతింటే, లేదా రక్తం అందకపోతే కరిగించే శక్తి తగ్గిపోతుంది. కొన్ని రోజుల్లో ఆ తీగల్లోకి కణాలు, కొలాజెన్, రక్తనాళాలు చేరి పర్మనెంట్ అతుకు అయిపోతుంది.

మధ్యలో రేకు పెట్టిన జతలు వేటికవే జారి విడిపోయాయి. తీగ ఒక్కటి కూడా లేదు. చేసిన ఎనిమిది జతల్లోనూ అంతే. అడ్డుపొర తన పని తాను చేస్తుంది, అందులో అనుమానం లేదు.

అక్టోబర్ 5, ఆదివారం

దసరా వారం మార్కెట్‌లో కాలు పెట్టే సందు లేదు. పండగ హడావుడి తగ్గాక కొట్టాయన పేగులతో పాటు వాటి మీద కప్పి ఉండే కొవ్వు వల కూడా చిరక్కుండా తీసి ఉంచాడు. "సాలీడు గూడులాగుంటాది, జాగర్తండీ" అన్నాడు. నిజంగానే అంత సున్నితం. వెలుతురుకి పట్టి చూస్తే కొవ్వు గీతల మధ్య అద్దంలాంటి పొర.

ఇవాళ్టి పరీక్ష కోసమే ఇన్ని వారాలూ తిరిగాను. జాయింటు కుట్టి, రెండు కుట్ల మధ్య 18 నంబరు సూదితో ఒకే ఒక రంధ్రం పెట్టాను. పరీక్ష చేసిన ప్రతి ముక్కకీ అదే రంధ్రం. ఇవి మూడు రకాలు.

రంధ్రం అలాగే వదిలేసినవి: సీసాని జానెడు లేపకముందే నీలం చుక్క బయటికొచ్చేసింది.

రంధ్రం మీద ప్లాస్మా పోసి, ఓమెంటమ్ ముక్క కప్పి, గంట ఆగినవి: సీసాని మోకాలి ఎత్తు దాకా లేపినా చుక్క రాలేదు. ఇంకా లేపితే ఒక పక్క నుంచి ఊడి కారింది. ఊడిన చోట చూస్తే రంధ్రంలోకి తెల్లటి ఫైబ్రిన్ బిరడా దిగి ఉంది. లెన్స్ పెట్టి చాలాసేపు చూశాను. కుట్టు వెయ్యకుండా, ఎవరూ చెప్పకుండా, ఆ సందు వెతుక్కుని వెళ్లి కూర్చుంది.

ముందు రేకు చుట్టి, దాని మీద ప్లాస్మా, ఓమెంటమ్ పెట్టినవి: మొదట కాసేపు జెల్ ఆపింది. ఆగస్టు చివరి ఆదివారం నేను సంబరపడ్డది ఈ ఆపడం చూసే. గంట గడిచేసరికి జెల్ మెత్తబడి, నీలం నీళ్లు రేకు కింద దారి చేసుకుని, పేగు పొడుగునా పాకి, రంధ్రానికి రెండు వేళ్ల దూరంలో బయటపడ్డాయి. పైన ఓమెంటమ్, ప్లాస్మా గట్టిపడి రేకుకే అంటుకుని ఉన్నాయి. రంధ్రంలో ఫైబ్రిన్ బిరడా లేదు. పైన ఓమెంటమ్ ఉంది, కింద లీకు ఉంది, రెంటికీ మధ్య ఒక జారుడు గోడ.

సార్ ఈసారి స్వయంగా బెంచి దగ్గరికి వచ్చి మూడో రకాన్ని మళ్లీ చేయించుకుని చూశారు. ఏమీ అనలేదు, తన ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు.

అక్టోబర్ 12, ఆదివారం

మళ్లీ చేసి చూశాను, రేకు మందం మార్చి కూడా. ఫలితం అదే దారిలో ఉంది. నా రేకు సెప్రాఫిల్మ్ కాదు, అందులో హైయలురోనిక్ ఆమ్లం లేదు, ఇది చచ్చిన పేగు, పొట్ట కదలికలు లేవు. ఈ లెక్కల్ని మనుషులకి అంటగట్టే ఉద్దేశం నాకు లేదు. మనుషుల్లో ఏం జరిగిందో ఆ ట్రయల్ చెప్పింది. ఎందుకు జరిగి ఉండొచ్చో ఒక చిన్న ముక్క నా కళ్లతో చూశాను. బతికున్న కణజాలంలో ఏడు రోజులు గమనించాలంటే జంతు పరీక్షల ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి, దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను.

ఇంకో వైపూ రాసుకోవాలి, లేకపోతే రేకుకి అన్యాయం చేసినట్టే. పెద్దపేగు తీసేసిన 183 మంది మీద 1996లో వచ్చిన ట్రయల్‌లో, గాటు కింద సెప్రాఫిల్మ్ పరిచినవాళ్లలో 51 శాతం మందికి తర్వాత చూస్తే ఒక్క అతుకూ లేదు. పరవనివాళ్లలో అలా ఉన్నది 6 శాతమే. 1791 మంది ట్రయల్‌నే కొనసాగించి చూసి 2006లో చెప్పిన సంగతి: పేగు అడ్డంకులు మొత్తం మీద తగ్గలేదు గానీ, అతుకుల వల్ల మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినవి 3.4 శాతం నుంచి 1.8 శాతానికి తగ్గాయి. అలా మళ్లీ ఆపరేషన్ చేసే రాత్రి ఎలా ఉంటుందో జూన్‌లో చూశాను కాబట్టి నాకు అది చిన్న తేడాగా అనిపించదు.

అక్టోబర్ 18, శనివారం

పెద్దాయన చెకప్‌కి వచ్చారు. బరువు పెరిగారు, అన్నం బాగానే తింటున్నారు. ఆవిడ పక్కనే ఉంది. ఓపీలో జనం ఉన్నా ఆవిణ్ణి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, జూన్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాను. అతుక్కోకుండా పెట్టే పొరలు ఉన్నాయని, పొట్ట గాటు లోపలి వైపున పరిస్తే మేలు చేసే అవకాశం ఉందని, పేగు కుట్టిన చోట మాత్రం చుట్టకూడదని, అక్కడ చుట్టుపక్కలవి వచ్చి అంటుకోవడమే కుట్టుకి రక్ష అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే ఈయన కుట్టు దగ్గర అంటుకున్నవి అలాగే ఉంటాయా?" అని అడిగింది. కొన్ని ఉంటాయని, కడుపు ఉబ్బి వాంతులైతే, గ్యాస్ కూడా పోకుండా ఉంటే ఇంట్లో మందులు వేసుకుంటూ కూర్చోకుండా అదే రోజు రమ్మని చెప్పాను. ఆవిడ ఆ మూడు లక్షణాలనీ చీటీ మీద రాయించుకుంది.

బుధవారం నుంచి కార్తీకం. కొట్టాయన నెల్లాళ్లు బేరాలు తక్కువంటున్నాడు. రేపు చివరిసారిగా నాలుగు పేగులు, రెండు కొవ్వు వలలు చెప్పి ఉంచాను. మిగిలిన ప్లాస్మాతో, ఓమెంటమ్‌ని ముందు జాయింటుకి తాకించి దాని పైన రేకు పరిస్తే బిరడా దిగుతుందో లేదో చూడాలి.